అలంకార దారువు: చెట్టు భాగాలు, వాటి చెక్క

ఇల్లు కట్టేవాడూ, ఆ ఇంటికి బీరువా చేసేవాడూ ఒకే చెట్టును రెండు రకాలుగా చూస్తారు. మొదటివాడికి దూలం కావాలి, ద్వారబంధం కావాలి. కాబట్టి ముడి లేని బోదె, తిన్నగా సాగిన పీచు చూసుకుంటాడు. రెండోవాడి చూపు బోదె దాటి పంగ మీద, మొదలు మీద, కాండం పక్కన లేచిన బుడిపె మీద ఆగుతుంది. చెట్టు పెరుగుదల ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ నలిగిందో, ఎక్కడ గాయపడిందో అక్కడి చెక్కలోనే సుడులు, అలలు, మచ్చలు ఎక్కువ. అలాంటి చోట బలం తక్కువ. అందుకే ఈ చెక్కతో బరువు మోయించరు, బరువు మోసే మరో చెక్క మీద పలచని పొరగా అతికిస్తారు.

రంగు, చారలు, మెరుపు చూసి ఎంచుకునే కలపను అలంకార దారువు అంటారు. చెట్టు జాతి, అందులోని భాగం, కోసిన దిశ అనే మూడూ కలిసి దాని రూపాన్ని నిర్ణయిస్తాయి. కొనేవాళ్ళు సాధారణంగా జాతి పేరు ఒక్కటే అడుగుతారు. టేకా, రోజ్‌వుడ్డా అని తేల్చుకుని ఊరుకుంటారు. కానీ ఒకే టేకు దుంగను రెండు దిశల్లో కోసి పక్కపక్కన పెడితే అవి వేర్వేరు చెట్ల చెక్కలనుకునే ప్రమాదం ఉంది.

కాండం లోపల

బెరడు వెనక కంటికి ఆనని విభాజ్య పొర ఉంటుంది. ఏటా లోపలి వైపు కొత్త దారువును ఒక్కో వలయంగా, బయటి వైపు కొత్త పోషక కణజాలాన్ని పుట్టించేది అదే. కొత్త దారువు కొన్నేళ్ళపాటు నీటిని పైకి చేరవేస్తుంది. లేత రంగులో ఉండే ఈ భాగాన్ని రసదారువు అంటారు. వయసు ముదిరేకొద్దీ లోపలి కణాలు చచ్చి, వాటిలో రంగు పదార్థాలు, జిగుర్లు నిండి చేవ తయారవుతుంది. నట్టనడుమ దవ్వ, దాని నుంచి బెరడు వైపు అడ్డంగా సాగే దవ్వరేఖలు ఉంటాయి. అలంకారానికి పనికొచ్చే రంగు దాదాపు అన్ని జాతుల్లోనూ చేవలోనే ఉంటుంది. బీడీ ఆకులిచ్చే తునికి చెట్టు ఇందుకు మంచి ఉదాహరణ. దాని మానులో ఎక్కువ భాగం లేత గులాబీ ఛాయలో ఉండే రసదారువే. నడిమధ్యన సన్నగా నల్లటి చేవ ఉంటుంది. వ్యాపారంలో కోరమాండల్ ఎబొనీ అని పేరు పొందినది ఆ కాస్త చేవే.

జిట్రేగిలో చేవ ఊదా రంగు కలిసిన గోధుమవర్ణంలో ఉండి, మధ్య మధ్య నల్లని గీతలు పారుతుంటాయి. రోజ్‌వుడ్ పేరుతో దేశదేశాలకు వెళ్ళిన కలప ఇది. గిటార్ల వెనక పలకలకు, పక్క పలకలకు నేటికీ దీన్ని కోరి వాడతారు. నల్లమద్ది చేవలో ముదురు గోధుమ రంగు మీద నల్లటి చారలుంటాయి. ఈ కలపను ఇంగ్లండు వడ్రంగులు ఇండియన్ లారెల్ అన్నారు. మన పల్లెల్లో ఎడ్లబండి భాగాలకు వాడిన చెట్టే అక్కడ బల్లల పైపొర అయింది.

తాటి, కొబ్బరి ఈ లెక్కలోకి రావు. ఏకదళబీజాలు కాబట్టి వాటిలో విభాజ్య పొర లేదు, వలయాలూ లేవు. మెత్తని గుజ్జులో గట్టి నాళాల కట్టలు చెదురుగా ఉంటాయి. అవి అంచుల్లో దట్టంగా, నడుమ పలచగా ఉంటాయి. తాటిమానును తొలిచి కొల్లేటి దోనెలు చేయడం వీలైనదీ అందుకే. నడుమ మెత్తన సులువుగా వచ్చేస్తుంది, అంచు నీళ్ళకు తట్టుకుంటుంది. ఆ అంచును నిలువుగా కోస్తే లేత రంగు మీద నల్లని పోగులు పరిచినట్టుంటుంది. అడ్డంగా కోస్తే చుక్కలే చుక్కలు. కొబ్బరి చెక్కను పాశ్చాత్య వ్యాపారులు ముళ్ళపంది చెక్క అని పిలిచింది ఈ పోగులను చూసే.

కోత దిశ

దుంగకు స్పర్శరేఖగా, అంటే వలయాలను ఒరుసుకుంటూ పలకలు తీస్తే వలయాలు ఒకదాని మీద ఒకటి లేచిన కోసుగా పలక మీద కనిపిస్తాయి. టేకులో ఇది మరీ స్పష్టం. టేకు ఏటేటా పెరుగుదల మొదట్లో పెద్ద రంధ్రాలు, తర్వాత చిన్న రంధ్రాలు వేస్తుంది కాబట్టి వలయం హద్దు గీసినట్టుంటుంది. అదే దుంగను దవ్వ నుంచి బెరడు వైపు, ఆరం వెంట కోస్తే ఈ కోసులన్నీ మాయమై సమాంతర గీతలు మిగులుతాయి. టేకు తలుపు మీద పువ్వు కావాలా, గీత కావాలా అనేది కోత మిల్లులోనే తేలిపోతుంది. ఆ తర్వాత ఎంత పాలిష్ పట్టినా మారదు.

ఆరం వెంట కోసినప్పుడు దవ్వరేఖలు కూడా పలక ముఖానికి వస్తాయి. ఓక్ చెక్కలో ఇవి వెడల్పైన వెండి తునకల్లా మెరుస్తాయి. యూరప్‌లో ఈ మెరుపు కోసమే కలప వృథా అయినా లెక్కచేయక ఆరపు కోత కోయించేవారు. దీనికి దీటైన మెరుపు మన దగ్గర సిల్వర్ ఓక్‌లో ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టు అరకు కాఫీ తోటల్లో నీడకోసం, మిరియాల తీగ పాకడం కోసం పెరుగుతోంది. పేరులో ఓక్ ఉన్నా ఓక్‌కు చుట్టం కాదు. కానీ దవ్వరేఖలు చాలా వెడల్పుగా ఉండడంతో ఆరపు కోతలో జాలీ అల్లినట్టు మచ్చలు తేలతాయి. ఈ సంగతి పట్టించుకోకుండా చాలా సిల్వర్ ఓక్ దుంగలను ప్లైవుడ్డుకే పంపేయడం ఎంత చవకబారు వాడకమో!

మూడో పద్ధతి దుంగను గుండ్రంగా తిప్పుతూ చాప చుట్ట విప్పినట్టు పొర ఒలవడం. మామూలు ప్లైవుడ్ పొరలు చాలావరకు ఇలాగే వస్తాయి. కలప ఆదా అవుతుంది గాని, వలయాల గీతలు పొర నిండా పాకి అందం చెదురుతుంది. కొన్ని రకాల చెక్కకు మాత్రం ఇదే సరైన కోత. వాటి సంగతి తర్వాత వస్తుంది.

పంగ

మాను రెండుగా చీలే చోట రెండు కొమ్మల పీచు ఒకదానికొకటి ఎదురై, నలిగి, మెలిపడుతుంది. ఆ పంగను రెండు కొమ్మల దవ్వలూ ఒకే తలంలో వచ్చేలా నిలువునా కోస్తే మధ్యలో పైకెగసే మంట ఆకారం, లేదా నెమలి ఈక లాంటి రూపం కనిపిస్తుంది. సరిగ్గా నడుమ నుంచి తీసిన కొద్ది పొరల్లోనే ఈక స్పష్టంగా ఉంటుంది. పక్కకు జరిగేకొద్దీ అది సుడిగా మారి చివరికి మామూలు చెక్క అయిపోతుంది. అంటే ఒక పంగలో దొరికే మేలిరకం చాలా తక్కువ. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో క్యూబా, హోండురస్ మహాగని పంగలు యూరప్, అమెరికా బీరువా తలుపుల మీద రాజ్యమేలాయి. వాల్‌నట్ పంగకూ అంతే గిరాకీ.

పంగ చెక్కకు ఉన్న పెద్ద దోషం పగుళ్ళు. ఎండేటప్పుడు చెక్క నిలువు దిశలో దాదాపు కుదించుకోదు. వలయాల వెంట కుదింపు మాత్రం ఆరం వెంట కుదింపుకు ఇంచుమించు రెండింతలు. తిన్నని పలకలో ఈ తేడాను సర్దుకోవచ్చు. పంగలో పీచు అన్ని వైపులకూ తిరిగి ఉంటుంది కాబట్టి ప్రతి బెత్తెడు చెక్కా ఒక్కో వైపు లాగి విడిపోతుంది. పచ్చి పంగ కోసిన వెంటనే కొనలకు మైనమో, రంగో పూసి నీడన నెమ్మదిగా ఆరబెట్టేది ఇందుకే.

బుడిపె

అలంకార దారువులో అన్నిటికంటే ఖరీదైనది, చూడ్డానికి అన్నిటికంటే అసహ్యమైనది బుడిపె. గాయం వల్లో, సూక్ష్మజీవుల వల్లో, మరో ఒత్తిడి వల్లో కాండం మీద ఒకచోట నిద్రాణంగా ఉన్న మొగ్గలు గుంపుగా లేస్తాయి. అవి కొమ్మలుగా సాగలేక అక్కడక్కడే చుట్టుకుని గడ్డకడతాయి. కొన్ని జాతుల్లో ఇది రోగం కాదు, పుట్టుకతో వచ్చే గుణం. దాన్ని కోస్తే ఒక దిశ అంటూ లేని పీచు, మధ్య మధ్య చిన్న చిన్న కన్నులు బయటపడతాయి. ఒక్కో కన్ను కొమ్మ కాలేకపోయిన ఒక్కో మొగ్గ.

దీని మీది మోజు చాలా పాతది. ఉత్తర ఆఫ్రికా అట్లాస్ కొండల తుయా చెట్టు మొదట్లో, నేలకు దగ్గరగా, ఒక్కోసారి నేల లోపలే బుడిపెలు వేస్తుంది. రోమన్ ధనికులు ఈ బుడిపె చెక్కతో బల్లలు చేయించుకునేవారు. దాని మీది గుర్తులను బట్టి పులిచారల బల్ల, చిరుతమచ్చల బల్ల అని వర్గాలు చేశారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వక్త సిసిరో ఒక్క బల్లకు 5 లక్షల సెస్టర్స్ నాణేలు పోశాడని కూడా ఆయనే రాశాడు. ఆ చెట్టు చెక్కతోనే మొరాకోలోని ఎస్సౌరా పట్టణంలో నేటికీ పెట్టెలు, పళ్ళేలు తయారవుతున్నాయి.

మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక రకం హీతర్ పొద, వేరుకూ కాండానికీ మధ్య గట్టి గడ్డ కడుతుంది. పొగాకు పైపులకు వాడే బ్రయార్ అదే. వేడికి తట్టుకుంటుంది, సులువుగా కాలదు. తవ్వితీసిన గడ్డను గంటల తరబడి నీళ్ళలో ఉడకబెట్టి ఆరబెట్టకపోతే పగిలిపోతుంది. ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ పట్టణం పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈ పైపులకు పేరుపొందింది. ఇండోనేషియా అంబోన్ దీవి పేరు మీద అంబోయ్నా అని ప్రసిద్ధి చెందిన బుడిపె చెక్క మన ఎర్రచందనం, వేగిసలకు దగ్గరి బంధువైన చెట్టుది. ఖరీదైన కార్ల డ్యాష్‌బోర్డుల మీద మెరిసే వాల్‌నట్ పొర కూడా బుడిపె నుంచి వచ్చినదే.

కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లకు మొదట్లో భారీ బుడిపెలు లేస్తాయి. మాను పడిపోయినా వాటి నుంచి కొత్త మొలకలు వస్తాయి. ఆ చెట్టు వంశం నిలిచేది కొంతవరకు వాటి వల్లే. దొంగలు రాత్రిపూట చైన్ రంపాలతో వచ్చి బతికున్న చెట్ల నుంచి బుడిపెలు చెక్కుకుపోతుండడంతో 2014లో రెడ్‌వుడ్ పార్కుల అధికారులు అడవి మధ్య నుంచి వెళ్ళే ఒక రహదారిని రాత్రిళ్ళు మూసేశారు.

కాండం మీది ప్రతి ఉబ్బూ బుడిపె కాదు. పాపికొండల అడవుల్లోని కొన్ని నల్లమద్ది చెట్లకు లేచే ఉబ్బులో నీరు నిల్వ ఉంటుందని కొండరెడ్లకు ఎప్పటినుంచో తెలుసు. 2024 మార్చిలో అటవీ అధికారులు వారు చెప్పిన చోట బెరడు కోయగా నీళ్ళు ధారగా చిమ్మాయి. అడవిలో ఉబ్బును చూడగానే రంపం తీసేవాళ్ళు ముందు కొండరెడ్లను అడగడం మంచిది.

మొదలు, వేరు, కొమ్మ

పెద్ద మాను బరువంతా మొదలు మీద పడుతుంది. వేర్లు విప్పుకునే చోట పీచు అడ్డంగా తిరిగి ముడతలు పడుతుంది. వాల్‌నట్ మొదలు నుంచి తీసిన ముడతల చెక్కను తుపాకీ మడమలకు వాడతారు. కాలిఫోర్నియా తోటల్లో కాయల కోసం నల్ల వాల్‌నట్ మొదలు మీద పర్షియన్ వాల్‌నట్ అంటు కడతారు. తోట ముసలిదైతే మొదలుతో సహా తవ్వి తీస్తారు. అంటు కలిసిన చోట రెండు జాతుల రంగులూ కలగలిసిన పాలరాతి లాంటి చెక్క దొరుకుతుంది. ఒక్క పలకలో రెండు చెట్లన్నమాట.

మన దేశంలో వేరు విలువ తెలిసినది గంధపు చెట్టు విషయంలో. దాని వేరు చేవలో నూనె ఎక్కువ కాబట్టి చెట్టును నరకరు, పెకిలిస్తారు.

కొమ్మ నుంచి వచ్చేది తక్కువ. పక్కకు వాలిన కొమ్మలో ఒకవైపు వలయాలు వెడల్పుగా పెరిగి దవ్వ పక్కకు జరుగుతుంది. అలాంటి చెక్క కోసిన తర్వాత వంకరపోతుంది. పదిహేడో శతాబ్దం చివర హాలండు, ఇంగ్లండు వడ్రంగులు మాత్రం దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. సన్నని వాల్‌నట్, లాబర్నం కొమ్మలను ఏటవాలుగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కలోని వలయాలు కనబడేలా బల్ల మీద వరసగా పేర్చి అతికించారు. ఆలిచిప్పలు పరిచినట్టుంటుందని దానికి ఆ పేరే పెట్టుకున్నారు.

బోదెలోనే దాగిన అలలు

కొన్ని చెట్లలో పైకి ఏ లోపమూ లేకుండా, తిన్నగా ఉన్న బోదెలోనే పీచు అలలు అలలుగా సాగుతుంది. కోసినప్పుడు అల గట్టు వెలుగును ఒక వైపు, అల పల్లం మరో వైపు విసురుతాయి. చెక్క కదలకపోయినా చూసే కోణం మారితే చారలు కదులుతాయి. వయొలిన్ వెనక పలకకు వాడే మేపుల్ ఈ రకందే. ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసిన స్ట్రాడివారి కాలం నుంచి ఆ పలకను ఆరపు కోత కోసి, రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికించి చారలు ఎదురెదురుగా వచ్చేలా చూస్తారు. అమెరికా గ్రేట్ లేక్స్ ప్రాంతపు మేపుల్‌లో కొన్ని చెట్ల నిండా పిట్టకన్ను లాంటి చుక్కలుంటాయి. గుండ్రంగా ఒలిచినప్పుడే ఇవి పొర అంతటా విరజల్లినట్టు వస్తాయి. అవి ఎందుకు పుడతాయన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. ఫిన్లండ్, రష్యాల కరేలియన్ బిర్చ్ సుడులు మాత్రం వంశపారంపర్యంగా దిగుతాయని తెలిసింది. ఆభరణ శిల్పి ఫాబెర్జే 1917లో చేసిన ఈస్టర్ గుడ్లలో ఒకటి ఈ బిర్చ్ చెక్కతోనే తయారైంది.

అలల చెక్కలో ప్రపంచం వెంటపడినది మన కొండల్లోనే ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసలో, శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టూ. రాళ్ళు తేలిన పొడి నేలల్లో చాలా నెమ్మదిగా ముదురుతుంది. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువైన చేవ, శాంటలిన్ అనే ఎర్ర రంగు దీని లక్షణాలు. ఒకప్పుడు ఈ చెట్టు గిరాకీ అంతా రంగు కోసమే. ఇప్పుడు చారల కోసం. అడవిలోని చెట్లలో కొద్దిపాటికి మాత్రమే అలల పీచు ఉంటుంది, తక్కినవన్నీ తిన్నని పీచువి. ధరలో ఈ రెంటికీ పోలికే లేదు. చైనాలో మింగ్, చింగ్ రాజవంశాల కాలం నుంచి ఎర్రచందనపు సామాను రాచహోదాకు గుర్తు. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తంతుల వాద్యానికి మేలైన మెడ ఎర్రచందనందే. అందులోనూ అలలు తేలిన చెక్కదే పైచేయి.

ఈ చెట్టును 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం, అంటే సైటిస్, రెండో అనుబంధంలో చేర్చారు. అయినా అక్రమ నరికివేత ఆగలేదు. బోదెలో అలలున్నాయో లేదో పైనుంచి తెలియదు కాబట్టి బతికున్న చెట్టుకు గాటు పెట్టి చూసే అలవాటు అడవికి రెండో దెబ్బ. తిన్నని పీచు తేలితే ఆ చెట్టు గాయంతో మిగిలిపోతుంది.

తెలుగు నేలకు చెందిన మరో అలంకార దారువుకు ఇంత పేరు రాలేదు. బిల్లుడు చెట్టు పొడి అడవుల్లో విరివిగా ఉంటుంది. లేత పసుపు చెక్క మీద తేనెటీగ రెక్క లాంటి మచ్చలు మెరుస్తాయి. శాటిన్‌వుడ్ పేరుతో పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో ఫ్యాషన్ అయిన చెక్కల్లో భారత్, శ్రీలంకల బిల్లుడు ఒకటి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీన్ని మహాగని ప్రజాతిలో చేర్చాడు. తర్వాత అది నిమ్మ కుటుంబానికి చెందినదని తేలింది. కానీ శాస్త్రీయ నామంలో మహాగని ప్రజాతి పేరైన స్వైటీనియా అనే మాట నేటికీ మిగిలిపోయింది.

బూజు వేసిన బొమ్మ

చచ్చిన చెక్క కూడా అలంకారమవుతుంది. తడిసిన దుంగలో రెండు మూడు రకాల శిలీంధ్రాలు చేరితే అవి తమ తమ హద్దుల వెంట నల్లని గీతలు గీసుకుంటాయి. గీతలు ఏర్పడ్డాక, చెక్క పూర్తిగా మెత్తబడకముందే ఆరబెట్టాలి. ఆ వేళ తెలియడమే నేర్పు. మరో శిలీంధ్రం చెక్కను నీలం కలిసిన పచ్చగా మారుస్తుంది. పదిహేనో శతాబ్దపు ఇటలీ చెక్క పొదుగు పనిలో ఆకుల పచ్చదనం చాలాచోట్ల దీనిదే. అన్ని వందల ఏళ్ళకూ అది వెలవలేదు.

చారలేని చెక్క

పైన చెప్పినదంతా చెక్క తన చారలను తానే చూపించే సంప్రదాయం. తెలుగు నేల మీది హస్తకళల్లో ఎక్కువ భాగం దీనికి సరిగ్గా ఎదురు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడే అంకుడు, కొండపల్లిలో, నిర్మల్‌లో వాడే తెల్లపొణికి రెండూ తెల్లగా, మెత్తగా, చారలు లేకుండా ఉంటాయి. తిరుగుతున్న అంకుడు ముక్కకు లక్క కర్ర ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి అంతటా సమంగా అంటుకుంటుంది. కింద చారలుంటే రంగు గతుకులు పడేది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొణికి మరీ తేలిక, సున్నితం. అంబారీ ఏనుగు అవయవాలు విడివిడిగా చెక్కి అతికించి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతుకులు కప్పి రంగు వేస్తే అతుకు కనబడదు.

బొబ్బిలి, నూజివీడు వీణలు ఈ రెంటికీ మధ్యన నిలుస్తాయి. వాటికి పనస. కుండ, దండి ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణకు పనస మొదలు లావుగా, పగులు లేకుండా ఉండాలి. పనసను ఎంచేది నాదం కోసమే అయినా, కోసినప్పుడు పసుపుగా ఉండి ఏళ్ళ తరబడి చేతి స్పర్శకు ఎరుపు తిరిగే ఆ రంగును ఎవరు కాదంటారు?

పొర, నకలు

నేటి అలంకార దారువు దాదాపు అంతా పొరే. ఉడికించి మెత్తబరిచిన దిమ్మ నుంచి కత్తి అర మిల్లీమీటరు మందాన పొరలు తీస్తుంది. ఒక చెట్టు పొరలు వరస తప్పకుండా కట్ట కడతారు. పక్కపక్క పొరలు ఒకే చారను మోస్తాయి కాబట్టి గోడంతా ఒకే చెక్క అన్నంత నిండుగా వస్తుంది. ఇలాంటి పొర అతికించిన ప్లైవుడ్డుకు భారత ప్రమాణం ఐఎస్ 1328.

పాప్లార్ లాంటి సాదా చెక్క పొరలకు రంగు పట్టించి, దొంతరగా అతికించి, ఆ దిమ్మను వంచి మళ్ళీ ముక్కలు కోస్తే ఎబొనీ చారలు, బుడిపె కన్నులు ఏవి కావాలంటే అవి తెప్పించవచ్చు. బజారులో రీకాన్ వెనీర్ అంటే ఇదే. చెక్కే గాని చార మనిషిది. అడవికి ఇది కొంత మేలే. సన్మైకా మీది టేకు మాత్రం కాగితం మీద అచ్చు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పలకను నిడుపుగా నిలబెట్టి ఒక ముడిని పట్టుకుని కిందికి చూస్తూ వెళ్ళాలి. అచ్చు కాగితమైతే అదే ముడి, అదే వంపుతో, సమదూరంలో మళ్ళీ ఎదురవుతుంది. రీకాన్‌లో చారలు అతి క్రమంగా ఉండి, కోసు ఎక్కడా మారదు. అసలు పొరలో పక్క పలక పోలి ఉంటుంది గాని, కింద నుంచి పైకి వెళ్ళేకొద్దీ కోసు సన్నబడుతుంది.